రెయిలింగ్ వెనక నీళ్లు

ఆ మధ్యాహ్నం అమీర్‌పేటలో బస్సెక్కేసరికి నాకు ఒళ్లు మండిపోతోంది. కంకర కోసం తవ్వి వదిలేసిన క్వారీని పార్కుగా మార్చే డ్రాయింగ్ నాది. గుంతలో నిలిచిన నీళ్లదాకా మెట్లు గీశాను. పార్కు పని చూసే ఆఫీసరుగారు ఆ మెట్లు కొట్టేసి చుట్టూ రెయిలింగ్ పెట్టమన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు వాకింగ్‌కి వస్తారట, నీట్‌గా ఉండాలట. మెట్ల సంగతి మళ్లీ అడిగితే "చూద్దాం" అన్నారు. ఆయన చూద్దాం అన్నారంటే ఇక చూడరని అర్థం.

పంజాగుట్ట దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. డ్రాయింగ్ ఒళ్లో విప్పుకుని ఆయన్ని లోలోపల తిట్టుకుంటున్నాను. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ తొంగిచూసి, నీళ్ల చుట్టూ ఉన్న గీత మీద వేలు పెట్టింది.

"గిదేందమ్మా?"

"రెయిలింగ్ అండీ. ఎవరూ నీళ్లలోకి దిగకుండా."

"మరి బతుకమ్మను ఎట్ల సాగనంపుతరు? పైకెల్లి ఇసిరేస్తరా?"

బస్సు కదలకపోవడంతో ఆవిడ అక్కడే దిగి నడుచుకుంటూ వెళ్లిపోయింది.

పార్కు రెయిలింగ్‌తోనే తెరుచుకుంది. మొదటి బతుకమ్మ పండక్కే నీళ్లలోకి దిగడానికి రెయిలింగ్‌లో రెండు కడ్డీలను మనిషి దూరేంతగా ఎవరో వంచేశారు. వాటిని సరిచేయించమని ఆఫీసరుగారు ఫోన్ చేసినప్పుడల్లా నేను ఒకటే మాట అంటాను.

"చూద్దాం సార్."