గోలెంల మునిగిన ఏడు ఊర్లు

నా చిన్నప్పుడు ఎండకాలం సెలవులొస్తే హైదరాబాదుల రైలెక్కి తాండూరు మా మేనమామ ఇంటికి పోతుంటి. పదేండ్లుంటయేమో నాకు. పట్నపు పిల్లనని పొగరు, అది సాలదని ముక్కు మీద కోపం.

మా మామ బడిల సైన్సు సారు. ఆ దిక్కు చేన్లల్ల కంది పచ్చగ ఉన్నది ఉన్నట్టే వడలి ఎండిపోతుండె. ఏ ఊరి కంది ఆ తెగులును తట్టుకుంటదో చూడాలని ఆయన పట్టుదల. ఆ ఎండలల్ల సైకిలు మీద బషీరాబాద్ దాక, మోమిన్‌పేట్ దాక తిరిగి, ఏడు ఊర్ల విత్తనాలు ఏడు పొట్లాలు కట్టి, పైన పేర్లు రాసిపెట్టిండు. తొలకరి పడంగనే బడి వెనక విత్తాలె.

నాకేమో అనంతగిరి గుట్టలు చూపిస్తనని మాటిచ్చి, ఆ పొద్దు కూడ సైకిలెక్కి పోయిండు. ఇగ నాకు మండింది. పొట్లాలన్ని విప్పి కందులు ఒక్క చాటల గుమ్మరించిన. ఆ కాయితాలతోటి ఓడలు చేసి వాకిట్ల నీళ్ల గోలెంల ఇడిచిన. సిరా కరిగి నీళ్లు నీలంగైనయ్.

మామ వచ్చి గోలెం చూసిండు, చాట చూసిండు. కింద కూసోని ఒక గింజ తీసి, ఇంకో గింజ పక్కన పెట్టి చూసిండు. రెండూ ఒక్క తీరే ఉన్నయ్. ఏది ఏ ఊరిదో తెల్వక రెండూ మళ్ల చాటలనే ఏసిండు. రెండు దెబ్బలేసినా బాగుండు అనుకున్న. గోడకు ఒరిగి ఏడ్సిన.

జర సేపైనంక పక్కన కూసోబెట్టుకొని, ఎన్కట ఓడెక్కి లోకం తిరిగిన ఒక దొర సంగతి చెప్పిండు. ఆయనకు జీవాల పిచ్చి. ఏది దొరికినా ఏరుకునేటోడట. నడి సముద్రంల దీవుల పిట్టలను పట్టి, ఏది ఏ దీవిదో సరిగ రాసుకోకుంట కలిపేసిండట. ఇంటికి పోయినంక, ఇవి వేరే వేరే జాతులని తెలిసినోళ్లు చెప్తే తల పట్టుకున్నడట. దీవిని బట్టి ముక్కు మారిందా అన్నది తేల్చాలంటే, ఏ పిట్ట యాడిదో తెల్వాలె గద.

"గంతటాయనే కలిపిండు. నువ్వెంత బిడ్డా" అన్నడు.

అప్పుడే బాయి కాడికెళ్లి వచ్చిన అత్త ఆ మాటలిని, బిందె దించుకుంట, "గా ఓడల రాసిపెట్టెటోడు ఇంకొకడు లేకుండెనా?" అన్నది.

"ఉండిరి. కప్తానూ, నౌకరూ ఏరుకున్నయి వాళ్లు రాసిపెట్టుకున్నరు. అవి అడుక్కొని చూసిండు. ఒక్క తీరు జీవాలే జాగాను బట్టి తరతరాలకు మారుతయేమో అన్న ఆలోచనకు అదొక దారైంది."

అత్త లోపలికి పోయి ఒక కుండ తెచ్చి పెట్టింది. అందుల పాత చీర పేలికల మూటలు. ఏడు. పెరట్ల ఏసుకుందామని ప్రతి పొట్లంల నుంచి ఇన్ని తీసి దాసిందట. అత్తకు సదువు రాదు. గుర్తుకని ఏ ఊరి కందులల్ల ఏరిన మట్టిపెడ్డను ఆ ఊరి మూటలనే ఏసి కట్టింది.

"ఇది నల్లరేగడి, బషీరాబాద్‌ది. ఇది ఎర్రది, మోమిన్‌పేట్‌ది. సారుకు కాయితం, నాకు మట్టి" అనుకుంట ఏడూ చెప్పింది. "ముందుగాల్నే అడిగితే చెప్పకపోదునా? మామా కోడలు ఇద్దరికీ బుర్ర ఓడలనే ఉండె."

మామ ఊపిరి ఇడిచిన సప్పుడు నాకు ఇప్పటికీ ఇనవడ్తది. తర్వాత ఎంత నవ్విండంటే కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

తొలకరికి ఏడు వరుసలు పెట్టినం. వరుసకొక తాండూరు బండ ముక్క పాతి, వాన నీళ్లకు కరగకుండ ఊరి పేర్లు ఇనుప మొలతోటి మామ నాతోనే గీకిచ్చిండు. రెండు వరుసలు నిలవడ్డయని చలికాలంల ఉత్తరం రాసిండు.

నా కోపం ఇప్పటికీ పోలే. గని చెయ్యి లేసినప్పుడల్ల ఆ చాట కండ్ల ముందటికొస్తది, చెయ్యి దిగుతది. అత్త ఇచ్చిన నల్లమట్టి పెడ్డ మా ఇంట్ల కందుల డబ్బాల ఇంకా ఉన్నది. కొత్త కోడలు ఏరి పారేయబోతే, ఆగమని చెప్పి, కూసోబెట్టి ఈ సంగతంత చెప్పిన.