అక్క వదిలేసిన వాక్యం

లిలువాలో లోకల్ రైలు ఎక్కి హౌరాలో దిగి, అక్కడ మెట్రో పట్టుకుని కలకత్తా భవానీపూర్‌లోని మా తెలుగు పిల్లల బడికి చేరేలోపు పాతిక పేజీలు చదవగలను. సీటు దొరికితే నలభై. టీచర్ల తెలుగు మాసపత్రికకు నేను పుస్తక సమీక్షలు రాసేది ఇలాగే. చదువులోకి ఫోను ఎలా రావాలి, కంప్యూటరు ఎలా రావాలి, తరగతి గది ఎలా మారిపోవాలి అని చెప్పే పుస్తకాలే నా వంతుకు వస్తాయి. వాటిని రాసేవాళ్లలో చాలామంది మా మూడో తరగతిలో ఒక్క పూట నిలబడితే గొంతు పోగొట్టుకుని ఇంటికి పోతారని నా అనుమానం. ఆ మాట సమీక్షల్లోనూ రాస్తుంటాను. నా కలానికి పదునెక్కువని పేరు. ఆ పేరంటే నాకు కాస్త ఇష్టమే.

పత్రిక వచ్చిన రోజు టిఫిన్ వేళ స్టాఫ్‌రూములో నా సమీక్షను అక్క పైకి చదువుతుంది. అక్కంటే నాకంటే పదేళ్లు పెద్దదైన తెలుగు టీచరు. నాలుగో తరగతి ఆవిడదే. చర్చిలో ప్రతి ఆదివారం బైబిలు చదివి చదివి ఆవిడకు గొంతు బాగా కుదిరింది. మా చిన్న టీచర్లు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ, అచ్చులో కనిపిస్తే కూడబలుక్కోవాలి. అందుకే ఈ ఏర్పాటు.

కిందటేడు ఒక పుస్తకం నాకు తెగ నచ్చింది. టీచరు పాఠాన్ని ఫోనులో రికార్డు చేసి పంపాలి, పిల్లలు ఇంట్లో విని రావాలి, తరగతిలో వాళ్లచేత చదివించాలి, రాయించాలి. ఇదీ అందులోని సంగతి. రాసింది కూడా టీచరే కాబట్టి తప్పులు పట్టడానికి నాకు మనసు రాలేదు. ‘ఏ బడిలోనైనా రేపటినుంచే మొదలుపెట్టవచ్చు’ అని రాసి చేతులు దులుపుకున్నాను. నేను మాత్రం మొదలుపెట్టలేదు.

అక్క మొదలుపెట్టింది. రోజూ బడికి గంట ముందే వచ్చి, చప్పుడు పడకుండా ఫ్యాను ఆపేసి, ఖాళీ తరగతిలో చెమటలు కక్కుతూ పాఠం చెప్పేది. ‘వెనకాల మాటలాపండి’ అని అలవాటు కొద్దీ రికార్డులో కూడా కసిరేది. అవి విని మేం పడీపడీ నవ్వుకునేవాళ్లం.

రెండు నెలల తర్వాత పరీక్ష పెడితే సగం మంది పిల్లలు ఒక్క పేరా కూడా చదవలేకపోయారు. పాఠాలు వాళ్లు వినలేదు, అక్క తరగతిలో మళ్లీ చెప్పలేదు. హెడ్‌మాస్టరు పిలిచి, దుర్గాపూజ సెలవుల తర్వాత నాలుగో తరగతి ఇంకొకరికి ఇస్తానన్నారు. అక్కకు లైబ్రరీ. మా బడిలో లైబ్రరీ అంటే ఒక గదిలో రెండు బీరువాలు, ఒకదాని తాళంచెవి ఎప్పుడో పోయింది.

“పిల్లలు లేకపోతే ఆ గదిలో కూచుని నేనేటి సెయ్యాలే?” అంది అక్క. నా సమీక్ష సంగతి ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆవిడ ఎత్తనందుకు లోపల హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సెలవులకు ఇంకో వారం ఉందనగా ఒక పిల్ల తండ్రి వచ్చాడు. మునిసిపాలిటీలో వీధులు ఊడ్చే పని ఆయనది. స్టాఫ్‌రూములో అక్కా నేనూ ఉన్నాం. రమ్మన్నా లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“టీచరమ్మా, మా ఇంట్లో ఫోను ఒకటే. అది నా జేబులో ఉంటాది. పిల్ల లేవకముందే నాను డూటీకెల్లిపోతాను. రెండు డూటీలు సేసి వచ్చేసరికి పిల్ల తొంగుంటాది. దానికి ఇనిపించనేకపోయాను. తప్పు నాదమ్మా. మిమ్మల్ని ఏటీ అనొద్దని పెద్దసారుకి సెప్పి పోదామని వచ్చాను.”

అక్క ఏదో అనబోయింది. ఆయనే మళ్లీ అందుకున్నాడు. “పాఠాలన్నీ నానే ఇన్నాను. టీ తాగినకాడ మావోలందరం ఇన్నాం. మాకు సదువు రాదు గదా, బాగున్నాయి. మరి ఇప్పుడు రావట్లేదేటమ్మా?”

అక్క నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఏ తప్పూ చేయని మనిషి, తప్పు తనదని చెప్పడానికి డ్యూటీ మధ్యలో బడికి వచ్చాడు. నేను పక్కనే ఉన్న హెడ్‌మాస్టరు గదిలోకి వెళ్లి అదే మాట చెప్పలేకపోయాను. ఈ పిల్లల ఇళ్లు నాకు తెలియనివా? పదహారేళ్లుగా ఈ బడిలోనే ఉన్నాను. ఆ ఇంట్లో ఫోను ఎవరి దగ్గర ఉంటుందని పుస్తకం చదివేటప్పుడు ఒక్కసారి ఆలోచించి ఉంటే సరిపోయేది.

ముగ్గురం హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్లాం. పిల్ల తండ్రి కంటే ముందు నేనే నోరు తెరిచాను. “రేపటినుంచే మొదలుపెట్టమని రాసింది నేను సార్. మన పిల్లలతో చేసి చూడకుండా రాశాను. అక్క నన్ను నమ్మింది.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “నేనూ నమ్మాను. ఆ పుస్తకం రెండు కాపీలు తెప్పించాను” అన్నారు. సంవత్సరం పరీక్షల దాకా తరగతి అక్కకే ఉంటుందని చెప్పారు. అక్క ఆ మధ్యాహ్నమే సుద్దముక్క పట్టుకుని మొదటి పాఠం నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

నేను అదే పుస్తకానికి రెండో సమీక్ష రాసి పంపాను. ఇలాంటిది ఎవరూ చేయరని సంపాదకుడు గొణుక్కున్నాడు గానీ వేశాడు. పత్రిక రాగానే టిఫిన్ వేళ అక్క ఎప్పటిలాగే చదవడానికి కూర్చుంది. రెండో పేరాలో ఒక వాక్యం ఉంది: ‘పిల్లల ఇళ్లు తెలిసి కూడా తలుచుకోకుండా నేను ఈ పుస్తకాన్ని మెచ్చుకున్నాను, దానికి శిక్ష ఒక మంచి టీచరుకు పడబోయింది.’ అక్క ఆ వాక్యాన్ని వదిలేసి, గొంతు తడబడకుండా తర్వాతిదానిలోకి వెళ్లిపోయింది. చిన్న టీచర్లు రొట్టెలు తింటూ వింటున్నారు. వాళ్లెవరికీ తెలియలేదు.

ఆవిడ చదవడం అయ్యాక చెయ్యి చాపాను.

“ఏటే?” అంది, పత్రిక ఒళ్లో దాచుకుంటూ.

“ఇలా ఇవ్వక్కా, ఒక్క వాక్యం మిగిలిపోయింది” అని లాక్కుని, లేచి నిలబడి చదివాను.