మామ విప్పిన రాగితీగ

మా మేనమామ పోయిన సంగతి పొద్దున్నే ఆయన కూతురు, మా వదిన ఫోన్ చేసి చెప్పింది. "నాయిన పోయినాడు" అని, "కొట్టు తెరవలేదు" అంది. పీలమేడులో ఆయన మోటారు వైండింగ్ కొట్టు మూసి ఉన్న రోజు నాకు గుర్తులేదు.

కాలిపోయిన బోరు మోటార్లను ఎక్కడో దూరాన ఉన్న ఆండిపట్టి చుట్టాలు సైతం బస్సులో వేసుకొచ్చేవాళ్ళు. మాడిన తీగ లాగేసి కొత్త రాగితీగ చుట్టేవాడు మామ. బేరమంతా ఊరి తమిళంలోనే, చుట్లు మాత్రం ఇంటి తెలుగులో లెక్కపెట్టేవాడు. మధ్యలో ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. నేను కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే కూర్చోమని గడ్డంతో బెంచీ చూపించేవాడు. చుట్టడం అయ్యాకే, "ఏమ్మా, తిన్నావా?"

పోయినేడు రోబోకు ఈ పని నేర్పుతామంటూ ఒక కంపెనీవాళ్ళు ఆయన చేతులను వీడియో తీయడానికి వచ్చారు. అప్పటికే కొట్టు బాధ్యత వదినది. ఆమెకు మండిపోయింది.

"నీ చేతులు వాళ్ళకిచ్చేస్తే రేపు నా కాడికి ఎవురొస్తారు నాయినా?"

"యాడిచ్చినా? ఇదో, రొండూ ఉండాయి కదా!"

ఆమె నవ్వలేదు. ఆయనే మెల్లగా అన్నాడు: "వద్దంటే అది నేర్చకుండా ఉంటాదా? తప్పుగా నేరుస్తాది, అంతే."

వీడియో తీస్తుండగా మామకు లెక్క తప్పింది. చుట్టిందంతా విప్పసాగాడు. కెమెరా పట్టుకున్న ఇంజనీరమ్మాయి, మన తెలుగువాళ్ళ పిల్లే, "తాతా, ఆపేస్తా ఉండా. మల్లా చుట్టేటప్పుడు తీస్తా" అంది.

"ఆపొద్దమ్మా కణ్ణు. దానికి నేర్పాల్సింది ఇదే."

"రొండు చుట్లు తగ్గితే మోటారు తిరగదా?"

"బాగానే తిరుగుతాది. చిత్తిర నెల ఎండల్లో, పైరు నీళ్ళకు అల్లాడేటప్పుడు కాలుతాది."

ఆ అమ్మాయి కెమెరా ఆపలేదు.

యంత్రం మామ పని చేయగలదా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. చుడుతుంది, ఆయనకన్నా వేగంగా, వేలు కోసుకోకుండా చుడుతుంది. ఎవరికీ కనబడని తప్పును తనంతట తానే విప్పుతుందా? ఏమో. మనుషుల్లో మాత్రం ఎందరు విప్పుతారు? వదిన భయం ఉత్తదని కూడా అనలేను. మామ వాళ్ళకు ఒప్పుకొని మంచిపనే చేశాడా అంటే, అదీ తెలియదు.

కర్మలయ్యాక వదిన కొట్టు తెరిచింది. బల్లమీద మామ సగం చుట్టి వదిలిన తీగ ఉంది. లెక్క ఎక్కడ ఆగిందో ఆయనకే తెలుసు. వదిన దాన్ని విప్పడం మొదలుపెట్టింది. రాగితీగ మెరుస్తూ ఆమె ఒడిలోకి జారింది. చివరికంటా విప్పి, కొస పట్టుకుంది.

"ఒగటి... రొండు..."

నేను ఏదో అనబోయాను. తలెత్తకుండానే, గడ్డంతో బెంచీ చూపించింది.