ఊచలున్న అంగన్‌వాడీ

మా ఊరి మీద పోలీసు శాఖకు ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. మొదట యువకులకు వాలీబాల్ నెట్టు ఇచ్చారు. ఆడే వయసు వాళ్లు సగం మంది దుబాయిలో ఉన్నారు కాబట్టి ఆ నెట్టు మీద ఇప్పుడు మిరపకాయల సంచులు ఆరుతున్నాయి. తరువాత కంటి శిబిరం పెట్టి ముసలివాళ్లందరికీ ఒకే రకం నల్ల ఫ్రేము అద్దాలు పంచారు. దూరం నుంచి ఎవరు ఎవరో తెలియడం మానేసింది. చివరికి, ఊరి చివర ఖాళీగా పడివున్న పాత అవుట్‌పోస్టును అంగన్‌వాడీకి ఇచ్చేస్తున్నామని చెప్పారు.

మాది వీర్నపల్లి వైపు అడవి అంచు ఊరు. నేను పుట్టింది కోరుట్లలో, డిగ్రీ చదివింది జగిత్యాలలో. పెళ్లయి ఇక్కడికి వచ్చేనాటికి అడవిలో అన్నలు లేరు, వాళ్లను వెతుక్కుంటూ వచ్చే స్పెషల్ పార్టీ పోలీసులూ లేరు. అవుట్‌పోస్టులో మేకలు పడుకునేవి. నా కంటికి అది వాన కురిసినా కారని స్లాబు ఉన్న మంచి కట్టడం, అంతే.

అంతకుముందు అంగన్‌వాడీ నడిచిన అద్దె గది వానలకు కూలడంతో మూతబడింది. సరిగ్గా అప్పుడే ఎల్లారెడ్డిపేటలో ఒక ప్రైవేటు బడిలో నాకు ఉద్యోగం దొరికింది. వచ్చే నెల మొదటి సోమవారం చేరాలి, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. మా ఆయన కూడా దుబాయిలోనే ఉన్నాడు. అత్తమ్మకు చెలక పని. మూడేళ్ల పాపను పగలంతా ఎవరు చూస్తారు? అంగన్‌వాడీ తెరిస్తేనే నా ఉద్యోగం.

అత్తమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. "ఆ ఇంట్ల నా మనుమరాలు అడుగు పెట్టది."

కారణం నాకు తెలుసు. మా ఆయన చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు ఒక రాత్రి అన్నలు వచ్చి అన్నం అడిగారు. అత్తమ్మ వండిపెట్టింది. తెల్లారి పోలీసులు వచ్చి మామయ్యను తీసుకుపోయారు. "వండింది నేను, తిన్నది వాళ్లు, దెబ్బలు తిన్నది మీ మామ" అంటుంది ఆమె, పప్పులో ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా. ఆయన్ను వదిలేదాకా ఆమె అవుట్‌పోస్టు గేటు బయట కూర్చుంది. లోపలికి రానివ్వలేదు. ఆ తరువాత మామయ్య చనిపోయేదాకా బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోయాడు. లోపల ఏం జరిగిందో ఎప్పుడూ చెప్పలేదు.

అంగన్‌వాడీ కోసం పోలీసులూ ప్రజలూ కలిసి ఒక కమిటీ వేశారు. చదువుకున్న కోడలినని అందులో నన్నూ పెట్టారు. పాప నిద్రలో చేయి విదిలిస్తే, రాస్తున్న పెన్ను ఆపి ఊపిరి ఉందో లేదో చూసుకునే మనిషిని నేను. నన్ను కమిటీలో పెట్టడం వాళ్లు చేసిన మొదటి పొరపాటు.

"సార్, లాకప్ గది ఊచలు తీసేస్తరు గద?" అని ఎస్సైని అడిగాను. నాకంటే చిన్నవాడు.

"ఎందుకు మేడమ్? పిల్లలు రోడ్డు మీదికి ఉరకకుంట సేఫ్టీ. అదే ప్లే రూమ్."

"ఆ సందుల్ల పిల్ల తలకాయ పడితే?"

"మేడమ్ జర ఎక్కువ ఆలోచిస్తరు" అన్నాడు. కమిటీ మొత్తం నవ్వింది, పోలీసులూ ప్రజలూ కలిసి. "అయినా అది గవర్నమెంటు ప్రాపర్టీ. పైనుంచి లెటర్ రావాలె."

రంగులకు మాత్రం ఏ లెటరూ అక్కర్లేకపోయింది. ఒక్కో ఊచకు ఒక్కో రంగు వేశారు. ప్రహరీ మీద ఏనుగు బొమ్మ గీసి, తుపాకీ పెట్టడానికి వదిలిన కంతను దానికి కన్నుగా చేశారు. మా ఊరి వైపు అంత నిక్కచ్చిగా చూసే ఏనుగు ఇంకెక్కడా ఉండదు.

ప్రారంభం రోజు సిరిసిల్ల నుంచి పెద్దసారు వచ్చాడు. కొత్త ఇల్లు అన్నట్టే పాలు పొంగించాలన్నారు. కానిస్టేబుల్ పాల ప్యాకెట్టు తెచ్చాడు. పొంగించేది ఎవరని చర్చ మొదలైంది. పెద్దసారు భార్య రాలేదు, ఎస్సైకి పెళ్లి కాలేదు. చివరికి సర్పంచి భార్య కూర్చుంది. గతాన్ని మరిచి చేయీ చేయీ కలుపుదామని పెద్దసారు మైకులో చెబుతుంటే, పాలు ఎవరూ చూడకుండానే పొంగి స్టవ్వును ఆర్పేశాయి.

నేను పాపను వెంట తెచ్చాను. పెద్దసారు స్వాగతానికి నా చేతికి పూలపళ్లెం ఇచ్చారు. అత్తమ్మ రాలేదు. రోడ్డుకు అవతల మా చెలకలో, ఎప్పుడో కలుపు తీసేసిన సాలులోనే మళ్లీ కలుపు తీస్తూ కూర్చుంది.

అప్పుడు వినిపించింది పాప ఏడుపు. పసుపు ఊచకూ ఎర్ర ఊచకూ మధ్య తల దూర్చి, వెనక్కి తీసుకోలేక గుక్కపట్టి ఏడుస్తోంది.

పూలపళ్లెం నా చేతుల్లోంచి ఎక్కడ పడిందో తెలియదు. తలా ఒక మాట.

"కొబ్బరినూనె తేరా!"

"చెవులు మడువుండ్రి, చెవులు!"

"ఎట్ల పెట్టిందో గట్లనే తీయాలె" అన్నాడు పెద్దసారు, కేసు దర్యాప్తు చేస్తున్నట్టు. ఫొటోగ్రాఫర్ మాత్రం తన పని ఆపలేదు.

ఇంతలో అత్తమ్మ చేతిలో కొడవలితోనే ఉరుక్కుంటూ వచ్చింది. గన్‌మన్ చేయి నడుము దాకా పోయింది. ఆమె గేటు దాటింది, వరండా దాటింది, పెద్దసారును పక్కకు నెట్టింది. ఎక్కడికి వచ్చిందో ఆమెకు తెలిసినట్టు లేదు.

"ఏం జూస్తుండ్రు? ఊచ కోసెయ్యిండ్రి!"

"అమ్మా, దానికి పైనుంచి లెటర్..." అనబోయి, పెద్దసారు చూపు చూసి ఎస్సై ఆగిపోయాడు.

ఊరి ట్రాక్టర్ మెకానిక్ అరిచాడు. "సారూ, మీ జీపుల జాకీ ఉన్నదా?"

ఉంది. పాప తలకు పైన రెండు ఊచల మధ్య జాకీని అడ్డంగా పెట్టి మెకానిక్ తిప్పాడు. ఎస్సై టోపీ తీసేసి, మోకాళ్ల మీద కూర్చుని, పాప భుజాలు పట్టుకున్నాడు. ఊచలు కిర్రుమని వంగాయి. పాప తల బయటికి వచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి, ఇంకేం కాలేదు. వెంటనే బిస్కెట్ కావాలంది. బ్యానర్ మీద రాసిన పోలీసుల, ప్రజల సహకారం అంటే ఇదేనేమో.

అందరూ ఊపిరి పీల్చుకున్నాక చూస్తే, అత్తమ్మ ఆ గది మధ్యలో నిలబడి వుంది. నాలుగు గోడలూ చూసింది.

"గింతేనా?" అంది.

"ఏందమ్మా?" అన్నాడు ఎస్సై.

"ఎనుకట మా ఇంటాయనను గీ అర్రల్నే పెట్టిండ్రు. నేను గేటు కాడ కూసున్న. లోపట ఎంత పెద్దగుంటదో అనుకున్న."

మైకు దగ్గర ఎవరో "హలో, హలో" అని ఆపేశారు. ఎస్సైకి ఏదో ఒకటి అనాలనిపించింది కాబోలు. "రేపు మనిషిని పంపి ఊచలు సీద జేపిస్త అమ్మా."

"సీద జేసి మల్ల ఎవల్ని పెడ్తవు కొడుకా?"

ఎస్సై పెద్దసారు వైపు చూశాడు. పెద్దసారు ఊచల వైపు చూశాడు. "తీసెయ్యండి మొత్తం" అన్నాడు. సాయంత్రానికి ఊచలు లేవు. ప్రజల కోరిక మేరకు తొలగించామని రాసుకున్నారట. ఆ కోరిక నేను కమిటీలో కోరినప్పుడు నేను ప్రజల్లో లేనేమో మరి.

సోమవారం పొద్దున నేను పాపకు జడ వేస్తుంటే అత్తమ్మ వచ్చి సంచి అందుకుంది. "బస్సు పోతది, నువ్వు నడువు. పిల్లను నేను దింపుత" అంది. నేను ఎల్లారెడ్డిపేట వెళ్లి పాఠం చెప్పాను. సాయంత్రం దాకా గోడలు కూలడం, పాలు విరగడం, గుడ్డు గొంతుకు అడ్డం పడడం వరసగా ఊహించుకున్నాను. ఒక్కటీ జరగలేదు.

వారం తిరక్కముందే అంగన్‌వాడీ టీచర్ బస్సు దిగేచోట పట్టుకుంది.

"అక్కా, ఏమనుకోకు. మీ అత్తమ్మ పగటీలి చెలకలకెల్లి సీద గీడికే అస్తున్నది. గా అర్రల్నే పిల్లల పక్కపొంటి పండుకుంటున్నది. గురకకు పిల్లలు లేస్తున్రు. జర చెప్పరాదు?"

చెప్తాలే అన్నాను. చెప్పలేదు. మరునాడు పాప సంచిలో చిన్న చాప తీసేసి, పెద్దది పెట్టి పంపాను.