పాలిష్ మల్లప్ప ప్లేయర్

తాండూరు బస్టాండు పక్కన నాది మొబైల్ రిపేరు దుకాణం. బండల పాలిష్ మిషన్ మీద పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న మల్లప్ప ఒకరోజు పాత ఎంపీత్రీ ప్లేయర్ తెచ్చి నా ముందు పెట్టాడు. పనిలో చేరిన కొత్తలో కొన్నాడట.

"అజమత్ భాయ్, దీని ఆవాజ్ సచ్చిపోయింది. జర చూడు."

ఇలాంటి పాత సామాను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. విడిభాగాలు దొరకవు, తెచ్చినవాడు కదలడు. అయినా విప్పి, దుమ్ము ఊది, కొత్త ఇయర్‌ఫోన్లు తగిలించి ఇచ్చాను. అతను చెవుల్లో పెట్టుకుని, సౌండు పెంచే మీటను నొక్కుతూనే పోయాడు. తెర మీద గీతలన్నీ నిండిపోయాయి.

"మిషన్ చప్పుడు ఇనబడొద్దని కొన్న దీన్ని. అప్పుడు మస్తు మోగేది. ఇప్పుడు అన్నీ గిట్లనే సన్నగ మోగుతున్నయి. ఇంట్ల నా పెండ్లాం బుగ్గమ్మ గూడ ఏం చెప్పినా గొణుగుతది."

విసుగొచ్చి ఒక ఇయర్‌ఫోన్ లాక్కుని నా చెవిలో పెట్టుకున్నాను. మరుక్షణమే పీకి పారేశాను. చెవి గుయ్యిమంది.

మల్లప్ప నా ముఖమే చూస్తున్నాడు.

"మంచిగనే ఉన్నదా?"

తలూపాను.

అతని ముఖంలో ఏమీ మారలేదు. వైరును వేలికి చుట్టి, ప్లేయర్‌ను రాతిపొడి పట్టిన అంగీ జేబులో వేసుకున్నాడు. మెట్టు దిగబోతూ ఆగాడు.

"అయితే బుగ్గమ్మ మంచిగనే మాట్లాడుతున్నదన్నట్టు," అన్నాడు. "గొణుగుతున్నవని నేనే రోజు తిడుతున్న."