ఆడపిల్లల పాస్‌వర్డ్

వై.ఎన్.హొసకోట బస్టాండు ఎదురుగా మేడ మీద కంప్యూటర్ సెంటర్ పెట్టినప్పుడు మా నాన్న మేకపోతును అమ్మి నన్ను చేర్పించాడు. వానలు మొహం చాటేసి, వేరుశనగ ఇంటికి చేరని ఏళ్ళవి. పావగడలో ఒక నూనెమిల్లుకు కంప్యూటర్లో లెక్కలు వేసే మనిషి కావాలని ఎవరో చెప్పారు. ఆ కుర్చీ నాకు దొరుకుతుందని ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నాం.

సెంటర్లో ఉన్నవి మూడే కంప్యూటర్లు. మగపిల్లలూ మేమూ వంతులేసుకుని కూర్చునేవాళ్ళం. ఒకసారి మగపిల్లలెవరో ఫ్లాపీలో ఆట తెచ్చి ఆడితే, దాంతోపాటు వైరస్ వచ్చి ఒక కంప్యూటర్ పడకేసింది. సార్ అనంతపురం నుంచి మనిషిని పిలిపించి, ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడిగేలా చేయించారు. మగపిల్లల పాస్‌వర్డ్ కొడితే ఆటలు తప్ప అన్నీ తెరుచుకునేవి. మాది కొడితే టైపింగ్ ఒక్కటే. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

వెళ్ళి అడిగాను. సార్ చెడ్డవారు కాదు, అందుకే నాకు ఇంకా కడుపుమంట.

"మగపిల్లోళ్ళు రేపు ఉద్యోగాలకు పోవల్లమ్మా. మీకు టైపింగ్ చాలు. అన్నీ తెరిచిపెడితే ఏదో ఒకటి చెడగొడతారు" అన్నారు.

చెడగొట్టిందెవరు సార్ అన్నాను. ఆయన లేచి ఫ్యాను వేశారు. ఆ పాస్‌వర్డ్ మాకు చెప్పినవాడికి వంతు ఉండదని మగపిల్లల్ని ముందే బెదిరించారు కాబట్టి, మేం ఎంత అడిగినా ఒక్కడూ చెప్పలేదు.

ఆయుధపూజ రోజు మాత్రం మూడు కంప్యూటర్లూ మావే. తుడవాలి, కుంకుమ పెట్టాలి, చామంతి దండలు వేయాలి. ఆడపిల్లల చేతులు పడితే శుభమట! చెడగొడతామన్న భయం ఆ పూట ఎవరికీ లేదు, ఎందుకంటే కరెంటు తీసేసి ఉంది.

సర్టిఫికెట్ వచ్చాక నాన్నా నేనూ మిల్లుకు వెళ్ళాం. మిల్లు యజమాని నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆ వారం వచ్చిన బస్తాల లెక్క తీయమన్నారు. తెర మీద గళ్ళు గళ్ళుగా లెక్కల ప్రోగ్రాం తెరిచే ఉంది. దాన్ని చూడడం నాకు అదే మొదటిసారి. రైతుల పేర్లు తప్పు లేకుండా టైపు చేశాను. మొత్తం ఎలా రప్పించాలో తెలియలేదు.

"ఇన్నాళ్ళూ ఆడ ఏం నేర్చుకుంటివమ్మా?" అని అడిగారు.

టైపింగ్ అన్నాను. నాన్న గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. యజమాని మంచి మనసుతోనే నాన్నకు చెప్పారు.

"బిడ్డను ఊరికే తిప్పుకొని యాడికి పోతావప్పా. ఎనక షెడ్డులో ఆడోళ్ళు పప్పులు ఏరతా ఉండారు. రేపట్నుంచి ఆడ కూర్చోమను."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అయినా ఆ ఏడూ వానల్లేవు, పోక ఏం చేస్తాను? మర్నాడు షెడ్డులో కూర్చుని వేరుశనగ పప్పుల్లో పుచ్చులు ఏరాను. నా వేళ్ళు భలే చురుకైనవని మొదటి రోజే అక్కడి ఆడవాళ్ళు మెచ్చుకున్నారు.