కొక్కేలమ్మ భయం

గ్రంథాలయం గుమ్మం పక్కన సంచులగదిలో పనిచేసే అమ్మమ్మను అందరూ కొక్కేలమ్మ అంటారు. గోడకు నూట ఇరవై కొక్కేలు. లోపలికి వెళ్లేవాళ్ల సంచులు తీసుకుని తగిలించడం, తిరిగివ్వడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా చీటీ లేదు, పుస్తకం లేదు. పొడుగాయన సంచి పైవరసలో. తగవులమారి టీచరమ్మది మూలన, పక్క సంచితో పోట్లాడకుండా. ఒక్కటీ తారుమారు కాలేదని ఇంట్లో చెప్పి చెప్పి అందరి చెవులకూ చిల్లులు పెట్టేది.

పోయిన నెల చీటీలిచ్చే యంత్రం వచ్చింది. అది ఏ నంబరు చీటీ ఇస్తే ఆ కొక్కేనికే తగిలించాలి. వారం తిరక్కుండా ఒకాయన చీటీ పారేసుకుని, "నా సంచి మీకు తెలుసుగా" అంటూ నిలబడ్డాడు. గోడంతా ఒకేలా కనిపించింది. ఎవరిదో తీసి ఇచ్చేసింది.

అమ్మమ్మ గుండెల్లో రాయి పడింది. వాళ్లమ్మకూ ఈ వయసులోనే మతిమరుపు మొదలైంది. ముందు వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో మరిచిపోయింది, ఆఖరికి కన్నకూతుర్నే "ఎవరమ్మా నువ్వు?" అంది.

ఇదేమీ తెలియని మనవరాలు అలవాటుగా ఆటపట్టించింది. "అమ్మమ్మా, నేనెవర్నో చెప్పుకో!"

ఎప్పుడూ "పోవే కోతీ" అనే మనిషి ఆ పిల్ల ముఖంలోకి గుచ్చి గుచ్చి చూసింది. "నాకు తెలుసు కదే?" అంది మెల్లగా. కోతి నవ్వడం మానేసింది.

మర్నాటి నుంచి అమ్మమ్మ స్నానాలగదిలో తలుపేసుకుని ఇంటిల్లిపాది పేర్లూ వల్లించడం మొదలుపెట్టింది. "ఎవరితోనమ్మా మాటలు?" అని కూతురడిగితే "కుళాయితో" అంది.

పరీక్షల రోజుల్లో ఒక ఉదయం యంత్రంలో కాగితం అయిపోయింది. వరస వీధిదాకా ఉంది. "ఈ పూటకి మీ పాత పద్ధతే కానివ్వండమ్మా" అన్నాడు సూపర్‌వైజరు. తనకు తోచిన చోటల్లా తగిలించింది.

సాయంత్రం ఒక్కొక్కరే వచ్చారు. ముఖం చూడగానే చెయ్యి దానంతటదే వెళ్లింది. అరవై మూడు సంచులు. ఒక్కొక్కటీ ఇస్తుంటే ధైర్యం రాలేదు సరికదా, తప్పబోయేది తర్వాతదేనేమో అని భయం పెరిగింది.

అందరూ వెళ్లాక గోడకు ఒక ఆకుపచ్చ సంచి మిగిలింది. అమ్మమ్మ దాన్ని కిందికి దించింది. "ఇదెవరిది? ఎవరికి ఏమిచ్చి పంపాను?"

"మీదేనమ్మా! బల్లమీద అడ్డంగా ఉంటే నేనే తగిలించాను" అన్నాడు సూపర్‌వైజరు.

తెరిచి చూస్తే తన కళ్లజోడు డబ్బా. నిన్న కూతురు తనే రంగు ఎంచి కొనిచ్చిన సంచి.

అమ్మమ్మ బల్ల పట్టుకుని కూర్చుంది. "నేను చోటు చూసి పెట్టినవన్నీ గుర్తున్నాయయ్యా. నువ్వు పెట్టిందొక్కటే గుర్తు లేదు. రేపట్నుంచి నంబరు నేను చెబుతా, యంత్రాన్ని రాసుకోమను."

ఇంటికి రాగానే మనవరాల్ని నిలబెట్టింది. "నీ పేరు ఎంచి పెట్టింది నేనే. ఎలా మరిచిపోతానే, కోతీ!"

అయినా పొద్దున్నే స్నానాలగది తలుపు పడింది. ఇప్పుడు ఒకే ఒక్క పేరు, మళ్లీ మళ్లీ. అల్లుడిది. అతన్ని ఎంచుకున్నది కూతురాయె.